టెక్సాస్ కరెంటు ప్లాన్లు: అపోహలు, వాస్తవాలు

డాలస్, హ్యూస్టన్ వైపు కొత్తగా ఇల్లు తీసుకున్నవాళ్లు మొదటి బిల్లులు చూసి అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "9.5 సెంట్ల ప్లానే కదా తీసుకున్నాం, 21 సెంట్లు ఎలా పడింది?" మీటరు పాడైందనో, మోసం జరిగిందనో కంగారు పడతారు. మీటరుకేమీ కాలేదు. తేడా అంతా ప్లాన్‌లో ఉంది.

అపోహ: కంపెనీల ప్లాన్లను పోల్చి చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ పవర్ టు చూజ్‌లో అందరికంటే తక్కువ ధర చూపించే ప్లానే చవక.

ఆ ధర సరిగ్గా 1000 యూనిట్లు వాడిన నెలకు కట్టిన సగటు. ఇన్ని యూనిట్లు వాడితే బిల్లులో కొంత తగ్గిస్తామనే బిల్ క్రెడిట్ ప్లాన్లను ఆ ఒక్క అంకె దగ్గర మెరిసేలా తయారుచేస్తారు. లెక్క వేసి చూద్దాం. యూనిట్‌కు ఎనర్జీ ఛార్జి 16 సెంట్లు, డెలివరీ (తీగల కంపెనీకి పోయేది) 5 సెంట్లు, నెలకు 5 డాలర్ల స్థిర ఛార్జి, 1000 యూనిట్లు చేరితే 120 డాలర్ల క్రెడిట్ అనుకోండి. 1000 యూనిట్లకు బిల్లు 95 డాలర్లు. 999కి 214 డాలర్ల 79 సెంట్లు. ఒక్క యూనిట్ తగ్గినందుకు!

క్రెడిట్ లేకుండా ఎనర్జీ ఛార్జి 10 సెంట్లున్న ప్లాన్ అదే జాబితాలో 15.5 సెంట్లుగా, ఎక్కడో అడుగున కనిపిస్తుంది. వేసవి నాలుగు నెలలు 2000 చొప్పున, మిగతా ఎనిమిది నెలలు 800 చొప్పున వాడే ఇంటికి ఏడాది ఖర్చు క్రెడిట్ ప్లాన్‌లో 2604 డాలర్లు, ఈ మామూలు ప్లాన్‌లో 2220. "నెలనెలా 1000 దాటేలా చూసుకుంటాం" అంటారు కొందరు. బిల్లింగ్ సైకిల్ ఒకసారి 29 రోజులు, ఒకసారి 33 రోజులు వస్తుంది. అది మీ చేతిలో ఉండదు.

చేయాల్సింది ఇది. మీటరు రీడింగులు చూపే స్మార్ట్ మీటర్ టెక్సాస్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి 12 నెలల వాడకం తీసుకోండి. ప్లాన్ ఈఎఫ్ఎల్‌లోని (ధరల వివరాల పత్రం, ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్) ఎనర్జీ ఛార్జి, డెలివరీ, స్థిర ఛార్జి, క్రెడిట్ షరతులతో ఒక్కో నెల బిల్లు కట్టి, పన్నెండూ కూడండి. పాత వాడకం వివరాలు లేని కొత్త ఇంటికి క్రెడిట్ లేని ఫిక్స్‌డ్ (కాంట్రాక్టు కాలమంతా ఎనర్జీ ఛార్జి మారని) ప్లానే తీసుకోండి.

అపోహ: చిన్న కంపెనీకి మారితే కరెంటు తరచూ పోతుంది. తీగలు మీ ప్రాంతపు తీగల కంపెనీవి, అంటే ఆన్‌కోర్‌వో, సెంటర్‌పాయింట్‌వో. ఎవరికి బిల్లు కట్టినా అవే తీగలు, అదే డెలివరీ ఛార్జి. కంపెనీ మూతపడినా సరఫరా ఆగదు, మరో కంపెనీకి మారుస్తారు. అక్కడ రేటు ఎక్కువ కాబట్టి వెంటనే వేరే ప్లాన్ చూసుకోండి.

అపోహ: 2021 మంచు తుఫానప్పటిలా వేల డాలర్ల బిల్లు మళ్లీ రావచ్చు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అలాంటి బిల్లులు హోల్‌సేల్ ధరకు ముడిపెట్టిన ప్లాన్లవి. ఇళ్లకు వాటిని అమ్మడం అదే ఏడాది నిషేధించారు.

అపోహ: ఫిక్స్‌డ్ అంటే బిల్లులో ఏదీ మారదు. డెలివరీ ఛార్జి మారుతుంది, సాధారణంగా మార్చిలో, సెప్టెంబరులో.

అపోహ: రాత్రి ఉచితమంటే లాభమే. పగటి రేటు చూడండి. ఏసీ గట్టిగా తిరిగేది మధ్యాహ్నమే.

అపోహ: కాంట్రాక్టు అయిపోతే పాత రేటే కొనసాగుతుంది. నెలనెలా మారగల వేరియబుల్ రేటులోకి పోతుంది, అది తరచూ బాగా ఎక్కువ ఉంటుంది. ముగింపు తేదీకి ముందు 14 రోజుల్లో మారితే రద్దు రుసుము ఉండదు. ఇల్లు మారుతున్నా ఉండదు, కొత్త చిరునామా ఇచ్చి, మారినట్టు రుజువు చూపాలి. కొత్త కంపెనీకి మారుతూ తీసుకున్న ప్లాన్ నచ్చకపోతే, షరతుల పత్రం అందిన మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకోవచ్చు.