రైలు సిమ్యులేటర్ సినారియోలు: అపోహలు - వాస్తవాలు

రైలు నడిపే కంప్యూటర్ ఆటలో ఏ రైలుని ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ సమయానికి చేర్చాలో చెప్పే ఘట్టమే సినారియో. అలాంటివి తయారుచేసే మాకు తరచూ వినిపించే ఫిర్యాదు: "రైలు సరిగ్గానే నడిపాను, అయినా ఫెయిల్ అని వచ్చింది." చాలాసార్లు ఆ మాట నిజమే. లోపం సినారియోలోనే ఉంటుంది.

అపోహ: దూరాన్ని వేగ పరిమితితో భాగిస్తే టైమ్‌టేబుల్ వచ్చేస్తుంది.

రెండు స్టేషన్ల మధ్య 6 కిలోమీటర్లు, పరిమితి గంటకు 100 కి.మీ. అనుకోండి. భాగహారం 3 నిమిషాల 36 సెకన్లు అంటుంది. కానీ రైలు నిలబడ్డ చోటినుంచి కదలాలి, మళ్లీ ఆగాలి. ప్రతి సెకనుకూ 0.3 మీ./సె. చొప్పున వేగం అందుకుని, 0.5 చొప్పున తగ్గించుకునే రైలుకి దాదాపు 4 నిమిషాల 50 సెకన్లు పడుతుంది. అలా పదిసార్లు ఆగాల్సి ఉంటే పన్నెండు నిమిషాల లేటు ముందే రాసిపెట్టినట్టు! ఆటగాడికి మిగిలే దారి వేగ పరిమితి దాటడమే, దానికీ మార్కులు పోతాయి.

గూడ్స్ రైలైతే ఇంకా కష్టం. యూరప్ పద్ధతిలో 'జి' స్థానంలో (గూడ్స్ రైళ్లకోసం నెమ్మదిగా పనిచేసే అమరికలో) పెట్టిన ఎయిర్ బ్రేకులు పూర్తిగా పట్టడానికి 18 నుంచి 30 సెకన్లు, వదలడానికి 45 నుంచి 60 సెకన్లు పడుతుంది. ప్యాసింజర్ రైలుతో టెస్ట్ చేసి, తర్వాత బరువైన వ్యాగన్లు తగిలించి అదే టైమింగ్ ఉంచడం అన్యాయం.

అపోహ: ఏఐ రైళ్లు (కంప్యూటరే నడిపే రైళ్లు) ఎంత ఎక్కువుంటే అంత సహజం.

ఆటగాడు రెండు నిమిషాలు ఆలస్యమైతే, ఆటలో ఏ రైలుకి ఎప్పుడు దారివ్వాలో నిర్ణయించే డిస్పాచర్ జంక్షన్‌ని ఇంకో రైలుకి ఇచ్చేయవచ్చు. సింగిల్ లైన్‌లో అయితే రెండు రైళ్లూ ఎదురెదురుగా ఎర్ర సిగ్నళ్ల దగ్గర ఇరుక్కుపోతాయి. సిగ్నల్ దాటడానికి అనుమతి అడిగినా రాదు. గంటన్నర ఓపిగ్గా నడిపిన మనిషికి ఆట ఎందుకు ఆగిపోయిందో కూడా తెలియదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఓపెన్ రైల్స్ అనే ఉచిత సిమ్యులేటర్‌లోని టైమ్‌టేబుల్ మోడ్‌లో ఫలానా రైలు వెళ్లేదాకా ఈ రైలు ఆగాలని రాసిపెట్టవచ్చు. అలాంటి వీలు లేనిచోట రైళ్లు ఒకదాన్నొకటి దాటుకునే క్రాసింగ్ దగ్గర వచ్చే రైళ్లను తగ్గించడమే మంచిది. వాటిలో సగం రైళ్లు ఆటగాడి కంటికి కనబడవు కూడా.

అపోహ: ఉన్నట్టుండి ఇబ్బంది పెడితేనే సవాలు.

గంటకు 100 కి.మీ. నుంచి 30కి తగ్గడానికి, పై బ్రేకింగ్ లెక్కలోనే, సుమారు 700 మీటర్లు కావాలి. తాత్కాలిక వేగ నియంత్రణ గురించి 300 మీటర్ల ముందు చెబితే ఎంత అనుభవమున్నవారైనా చేయగలిగిందేమీ లేదు. నిజమైన రైల్వేలో ముందస్తు హెచ్చరిక బోర్డు పెట్టేది అందుకే. హెచ్చరిక ఇచ్చాక వాన, దిగుడు వాలు పెట్టండి. అప్పుడు నైపుణ్యం బయటపడుతుంది.

అపోహ: నేను నడిపితే సమయానికి చేరింది, కాబట్టి బాగుంది.

ఎర్ర సిగ్నల్ ఎక్కడుందో రాసినవారికి ముందే తెలుసు. మొదటి స్టేషన్‌లో కావాలని మూడు నిమిషాలు లేటుగా బయలుదేరి చూడండి. ఆ లైను తెలియనివారికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా గమనించండి. వాళ్ల దగ్గర లేని కోచ్ ఒక్కటున్నా సినారియో లోడ్ కాకపోవచ్చు, కాబట్టి కావలసిన ఇంజన్లు, కోచ్‌ల జాబితా వివరణలో మొదటి లైన్లోనే రాయండి.