పిల్లల ఇంగ్లీషు పదాలు: బడిలో ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

అపోహ: రోజుకు పది పదాలు బట్టీ పట్టిస్తే ఏడాదికి 3,000కు పైగా పదాలు వచ్చేస్తాయి.

వాస్తవం: లెక్క సరైనదే కానీ పిల్లల జ్ఞాపకం ఆ లెక్కన నడవదు. పదం, అర్థం అని రెండు వరుసలుగా నోటుపుస్తకంలో రాయించిన మాటను మళ్లీ వినే, వాడే సందర్భం రాకపోతే వారం తిరగకముందే మరచిపోతారు. పైగా అన్ని పదాల అవసరమూ లేదు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడిపిన మైకేల్ వెస్ట్ 1953లో వెలువరించిన జాబితాలో ఉన్నవి సుమారు 2,000 పదాలే. మామూలు ఇంగ్లీషు రచనలో అధికభాగం వాటితోనే సాగుతుంది. చిన్న తరగతుల్లో వారానికి ఏడెనిమిది పదాలు చెప్పి, వాటినే మర్నాడు, మరుసటి వారం, నెల తర్వాత మళ్లీ వాడించడం మేలని నా అభిప్రాయం.

అపోహ: మన పిల్లలకు ఇంగ్లీషు పదాలేవీ తెలియవు.

వాస్తవం: బస్సు, పెన్ను, గ్లాసు, ఫ్యాను వారి నోట అప్పటికే ఉన్నాయి, చివరి ఉకారం తీసి పలికిస్తే చాలు. అర్థం మారిన మాటల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి: మన హోటలు ఇడ్లీ తినే చోటు, వారి హోటల్ బస చేసే చోటు.

అపోహ: వ్యతిరేక పదాలను జంటగానే నేర్పాలి.

వాస్తవం: రెండూ కొత్తవైతే ఒకదానితో ఒకటి కలగాపులగమవుతాయి. థామస్ టింకమ్ 1993లో ప్రచురించిన ప్రయోగాల్లో, అర్థంలో దగ్గరగా ఉన్న పదాలను ఒకేసారి నేర్చుకోవడానికి, సంబంధం లేని పదాలకన్నా ఎక్కువ ప్రయత్నాలు అవసరమయ్యాయి. లెఫ్ట్ స్థిరపడిన తర్వాతే నేను రైట్ జోలికి వెళ్తాను.

అపోహ: తెలుగు అర్థం తెలిస్తే పదం వచ్చినట్లే.

వాస్తవం: వస్తువుల పేర్ల వరకు ఇది చాలావరకు నిజమే, ఫ్రాగ్ అంటే కప్ప అని ఒక్క మాటలో చెప్పేస్తే ఉపాధ్యాయుడికి తరగతిలో గెంతే శ్రమ తప్పుతుంది. చిక్కంతా క్రియల దగ్గరే. మనం తలుపు వేస్తాం, లైటు వేస్తాం, చొక్కా వేసుకుంటాం, ప్రశ్న వేస్తాం, ముగ్గూ వేస్తాం. వేయడం అంటే ‘పుట్’ అని నేర్చుకున్న పిల్లవాడు ‘పుట్ ద లైట్’ అన్నాడంటే తప్పు అతనిది కాదు. తలుపు వేస్తే మూసినట్టు, లైటు వేస్తే వెలిగించినట్టు కాబట్టి ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకే క్రియ కుదరదు. అందుకే క్రియను ఒంటరిగా రాయించకుండా ‘షట్ ద డోర్’, ‘స్విచ్ ఆన్ ద లైట్’, ‘ఆస్క్ ఎ క్వశ్చన్’ అని దాని తోడుమాటతో కలిపి చెప్పించి, తరగతి గది తలుపును ఆ పిల్లవాడి చేతనే వేయించాలి.