పిడి పక్కకెందుకు ఉందంటే

పిల్లలూ,

ఫొటోలో ఉన్న ఎర్రమట్టి టీ పాత్రకు పిడి పక్కకెందుకు ఉందని అడిగారు కదా, అదే చెబుతాను. జపాన్‌లో గ్రీన్ టీ పోసుకునే ఈ పాత్రను క్యూసు అంటారు. వీటికి పేరుమోసిన ఊరు తొకొనామె, నగోయాకు దక్షిణంగా సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడి కుమ్మరి పని దాదాపు 900 ఏళ్ల నాటిది, ఈ ఎర్రటి టీ పాత్రలు మాత్రం 1854 ప్రాంతంలో మొదలయ్యాయి. ఆ ఎరుపు మట్టిలోని ఇనుము వల్ల వచ్చింది.

పాత్ర ప్రధాన భాగం, మూత, కొమ్ము, పిడి, లోపలి జల్లెడ అన్నీ విడివిడిగా చేసి, మట్టి ఇంకా పూర్తిగా ఆరకముందే మూత తప్ప మిగతావి అతుకుతారు. అన్నిటికీ తడి ఒకేలా ఉండాలి, లేకపోతే ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా కుంచించుకుపోయి అతుకు పగిలిపోతుంది. పిడి లోపల బోలు, అందుకే చెయ్యి కాలదు. అది పక్కనుంటే బొటనవేలు మూత మీద ఆనించి, మణికట్టు కాస్త తిప్పితే చాలు, ఒంటి చేత్తోనే పోయొచ్చు. ఎడమచేతి వాళ్లకు పిడి అటువైపు పెట్టినవి కూడా ఉంటాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది మూత. కాల్చాక దాని అంచుకు తడిపిన రాపిడి పొడి రాసి, అదే పాత్ర మీద పెట్టి గుండ్రంగా తిప్పుతూ అరగదీస్తారు, కాబట్టి ఆ మూత ఇంకో పాత్రకు అంత బాగా కుదరదు. మూతకు చిన్న చిల్లు ఉంటుంది. పోస్తూ పోస్తూ దాన్ని వేలితో మూస్తే, మూత బాగా కుదిరిన పాత్రలో ధార ఆగిపోతుంది, ఎందుకంటే లోపలికి గాలి పోయే దారి లేదు! ఇలాంటి పనితనానికే తొకొనామె కుమ్మరి, ఆ పేరు పెట్టుకున్నవాళ్లలో మూడోవాడైన యమదా జోజాన్‌ను 1998లో జపాన్ ప్రభుత్వం 'సజీవ జాతీయ సంపద'గా గుర్తించింది.

ఇందులో మన టీలా మరిగించకూడదు. సెంచా అనే గ్రీన్ టీకి 70–80 డిగ్రీల నీళ్లు పోసి ఒక నిమిషం ఆగితే చాలు, సలసల కాగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది. కప్పులన్నిటిలో కొంచెం కొంచెంగా పోస్తూ మళ్లీ మొదటి కప్పుకు రావాలి, చివరి చుక్కదాకా వంచేయాలి. లోపల నీళ్లు మిగిలితే రెండోసారి పోసే టీ చెడిపోతుంది. కడిగేటప్పుడు సబ్బు పెట్టకండి, ఉత్త నీళ్లతో కడిగి మూత తీసి ఆరబెట్టండి.