నీళ్లు లేనప్పుడూ అది నదే

ప్రపంచంలోని నదులు, వాగుల మొత్తం పొడవులో సగానికి పైగా ఏడాదిలో ఒక్క రోజైనా పారడం మానేస్తుంది. 2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ వాటాను 51 నుంచి 60 శాతంగా లెక్కగట్టింది. భూమ్మీద సగానికి పైగా జనానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ప్రవాహం కూడా ఇలాంటిదేనట. అయినా ఏడాది పొడవునా పారేదే అసలైన నది అని, ఎండిపోయేది ఏదో చచ్చిన కాలువ అని మనకో నమ్మకం. ఆ నమ్మకంతో ఎక్కువగా నష్టపోతున్నవాళ్లు నగర శివార్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు.

వాన వెలిసిన చాలా రోజులకు కూడా ఏట్లో నీళ్లు పారుతున్నాయంటే, అవి చుట్టుపక్కల నేలలోంచి వచ్చే ఊట నీళ్లు. భూగర్భ నీటిమట్టం ఏటి అడుగు కన్నా పైన ఉన్నంతకాలం ఊట నదిలోకి వస్తుంది. మట్టం కిందికి దిగిపోతే ఇదంతా తిరగబడి, నది నీళ్లే నేలలోకి ఇంకుతాయి. పైన ఇసుక ఎండకు కాలిపోతున్నా, చాలా నదుల్లో కింద గులకరాళ్ల సందుల్లోంచి నీరు మెల్లగా కదులుతూనే ఉంటుంది. చెలమ తవ్వితే నీళ్లు ఊరేది అందుకే. నమీబియాలోని ఎండు నదుల్లో ఏనుగులు కూడా ఇసుక తవ్వుకునే తాగుతాయి. పురుగుల గుడ్లు, నాచు, సూక్ష్మజీవులు ఆ తేమను పట్టుకుని నెలల తరబడి బతుకుతాయి. ఈలోగా రాలిన ఆకులు ఏటి అడుగున పేరుకుంటాయి. తొలి నీళ్లు తగలగానే సూక్ష్మజీవులు వాటి మీద పడి, కొద్ది సమయంలోనే బోలెడు కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదులుతాయి. ఇంత పని జరిగే చోటును ఖాళీ స్థలంగా లెక్కేయడం నాకు ఏమాత్రం మింగుడుపడదు.

శివారు కాలనీలు వచ్చాక నది నడకే మారిపోతుంది. కప్పులు, సిమెంట్ రోడ్లు, పార్కింగ్ స్థలాలు వాన నీటిని ఇంకనివ్వవు. గంటల తరబడి నెమ్మదిగా రావాల్సిన నీళ్లు నిమిషాల్లో ఏట్లోకి దూకుతాయి, రోడ్డు మీది నూనెనూ టైర్ల పొడినీ చెత్తనూ వెంటబెట్టుకుని. మరోవైపు బోర్లు నీటిమట్టాన్ని కిందికి లాగేస్తాయి. అదే నది ఎండల్లో మరింత త్వరగా ఎండుతుంది, వానల్లో మరింత ఎత్తుకు పొంగుతుంది.

అమెరికాలోని టూసాన్ నగరం పక్కన పారే శాంటాక్రూజ్ నదికి ఇలాగే జరిగింది. భూగర్భ జలాన్ని తోడేయడంతో 20వ శతాబ్దంలో నగరం దగ్గర దాని సహజ ప్రవాహం ఆగిపోయింది. ఇక అది ఎండు నదే అనుకుంటుండగా 1983 అక్టోబర్‌లో పెద్ద వరద వచ్చింది. టూసాన్ పరిసరాల్లోని నదులు పొంగడంతో పాటు గట్లను పక్కలకు కోసేశాయి. నీళ్లు అందని ఎత్తులో ఉన్న భవనాలు సైతం కాళ్ల కింద నేల జారిపోయి కూలాయి. ఇప్పుడు ఆ నదిలో కొంతమేర పారేది నగరం శుద్ధి చేసి వదిలిన మురుగు నీరు. 2013లో శుద్ధి కేంద్రాలను మెరుగుపరిచాక, దశాబ్దాల కిందట అక్కడ కనుమరుగైన గిలా టాప్‌మిన్నో అనే చిన్న చేప 2017లో మళ్లీ దొరికింది. 2019 జూన్ నుంచి నగరం నడిబొడ్డున కూడా నీళ్లు వదులుతున్నారు. అంటే శివార్లు పాడుచేసిన ప్రవాహాన్ని శివార్ల నీళ్లతోనే కొంత నిలబెట్టవచ్చు. శుద్ధి సరిగా చేయాలి, అంతే. శుద్ధి లేని మురుగు ఏడాదంతా పారితే దాన్ని బాగుపడిన నది అనలేం.

స్పెయిన్‌లోని వాలెన్సియా శివార్లలో జరిగింది ఇంకా ఘోరం. 1957 వరద తర్వాత తురియా నదిని నగరానికి దక్షిణంగా మళ్లించారు. నగరం గట్టెక్కింది. ఆ దక్షిణాన ఉన్న పైపోర్తా, పికాన్యా, కాతరోజా వంటి ఊళ్ల మీదుగా పోయో అనే వాగు వెళుతుంది. ఏడాదిలో చాలా రోజులు అది ఎండుగానే ఉంటుంది. 2024 అక్టోబర్ 29న ఎగువన తురీస్ దగ్గర ఒక్క గంటలో 184.6 మిల్లీమీటర్ల వాన పడింది. సాయంత్రం 6.55కు వాగులో సెకనుకు 2,283 ఘనపు మీటర్ల ప్రవాహాన్ని చూపిన కొలత కేంద్రం, ఆ తర్వాత వరదకే కొట్టుకుపోయింది. జనం ఫోన్లకు హెచ్చరిక వచ్చింది రాత్రి 8.11కి. అప్పటికే పైపోర్తా వీధుల్లో నీళ్లు పారుతున్నాయి. ఆ ఊళ్లలో పెద్దగా వానే లేదు కనుక చాలామందికి అనుమానం రాలేదు. కారు కాపాడుకుందామని నేలమాళిగ గ్యారేజీల్లోకి దిగినవాళ్లు అక్కడే చిక్కుకుని చనిపోయారు. మొత్తం మృతులు 220 మందికి పైనే.

ఇలాంటి వాగు పక్కన ఉండేవాళ్లు తల మీది ఆకాశాన్ని చూసి లాభం లేదు. ఎగువన వాన ఎంత పడుతోందో తెలియాలి, ఆ కబురు అధికారుల దగ్గర ఆగిపోకుండా గంటలోపే ఇంటింటికీ చేరాలి. ఇల్లు కొనేముందు వాగు ఈ ఏడాది పారిందా లేదా అని అడగడం కన్నా, గతంలో ఎప్పుడైనా ఎంత వెడల్పున పారిందో పాత పటాల్లో, ఇసుక మేటల్లో వెతకడం అవసరం. నేలమాళిగలో పడకగది ఉండకూడదు. నీళ్లు రావడం మొదలైతే కారును వదిలేసి పై అంతస్తుకు వెళ్లాలి.