నైజర్ డెల్టా: చమురు తోడిన చోట నీళ్లు ఎందుకు పాడయ్యాయి

నైజీరియాలో నైజర్ నది సముద్రంలో కలిసే డెల్టాలోని ఒగోని ప్రాంతంలో, ఓగాలే అనే ఊరి దగ్గర, బావులకు నీరందించే భూగర్భజలం మీద 8 సెంటీమీటర్ల మందాన చమురు తేలుతోందని 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం బయటపెట్టింది. అక్కడి తాగునీళ్లలో బెంజీన్ అనే క్యాన్సర్ కారక రసాయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితికి 900 రెట్లు పైనే ఉంది. విషమని తెలిసీ జనం వాటితోనే వండుకున్నారు, తాగారు. వేరే నీళ్లు లేవు మరి.

డెల్టాలోనే ఒలోయిబిరి అనే ఊళ్లో షెల్-బీపీ అనే విదేశీ చమురు కంపెనీకి చమురు పడింది 1956లో. 1958లో ఎగుమతి మొదలైంది. 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి గనుల రాబడిలో సగం అది పుట్టిన ప్రాంతానికే దక్కాలన్న నియమం ఉండేది. 1969 పెట్రోలియం చట్టం భూమిలోని చమురంతా కేంద్రానిదే అంది. 1978 చట్టం నేల మీద హక్కును రాష్ట్ర గవర్నర్ల చేతిలో పెట్టింది. ఇక తమ పొలంలోంచి పైప్‌లైన్ పోతున్నా కాదనే బలం రైతుకు లేకుండా పోయింది. ఈ విషాదానికి చమురు కంటే ఈ రెండు చట్టాలే పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను. రాబడి రాజధానికి పోయింది, లీకులు ఊళ్లకు మిగిలాయి.

చమురుతో పాటు పైకొచ్చే గ్యాస్‌ను పట్టి వాడుకోవాలంటే ఖర్చు. బావి దగ్గరే తగలబెట్టడం తేలిక. 1984 నుంచి అనుమతి లేకుండా మండించకూడదని 1979లోనే చట్టం చేశారు. తర్వాత మినహాయింపులు, కంపెనీలకు లెక్కలోకి రానంత జరిమానాలు వచ్చాయి. ఇలా గ్యాస్ మండించడం జీవించే హక్కుకు విరుద్ధమని 2005లో హైకోర్టు తీర్పిచ్చాక కూడా మంటలు ఆగలేదు.

1990లో రచయిత కెన్ సారో-వివా తదితరులు ఈ కాలుష్యం మీద, చమురు రాబడిలో వాటా కోసం ఒగోని ప్రజల ఉద్యమాన్ని మొదలుపెట్టారు. 1993 జనవరిలో లక్షల మంది రోడ్డెక్కారు. ఆ ఏడాదే షెల్ ఒగోనిలో తవ్వకం ఆపింది, పైప్‌లైన్లు మాత్రం అలాగే ఉన్నాయి. 1995 నవంబర్ 10న సైనిక ప్రభుత్వం సారో-వివాను, మరో 8 మందిని ఉరితీసింది. 2008లో ఒగోనిలోని బోడో ఊరి దగ్గర షెల్ పైపులు రెండుసార్లు లీకై మడ అడవులు, చేపలు నాశనమయ్యాయి. 2015లో బోడో జనానికి 5.5 కోట్ల పౌండ్లు ఇవ్వడానికి షెల్ రాజీపడింది. చమురు దొంగలు, నాటు రిఫైనరీలు చేసిన చెరుపూ తక్కువేం కాదు. కానీ ఉపాధి పోయిన చోటే ఆ పనులు పెరిగాయి.

ఒగోనిని శుభ్రం చేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని 2011 నివేదిక అంచనా. ఆ పనిని ప్రభుత్వం లాంఛనంగా ప్రారంభించింది 2016లో. 2025 మార్చిలో షెల్ నైజీరియాలో నేల మీది చమురు వ్యాపారాన్ని అమ్మేసింది. పాత కాలుష్యానికి పూచీ ఎవరిదో తేల్చమని డెల్టా ఊళ్లు అడుగుతున్నాయి.