పొట్టి ఆటగాడికి ఎన్‌హెచ్‌ఎల్‌లో చోటుందా?

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో ఈ చర్చ ఏటా లేస్తుంది. అక్కడ అన్నిటికంటే పై లీగ్ ఎన్‌హెచ్‌ఎల్, అంటే నేషనల్ హాకీ లీగ్. రెండో అంచె పోటీ అయిన అమెరికన్ హాకీ లీగ్‌లో ఒక కుర్రాడు గోల్స్ మీద గోల్స్ కొడుతుంటాడు. ఎత్తు చూస్తే 5 అడుగుల 8 అంగుళాలు. ఎన్‌హెచ్‌ఎల్‌లో సగటు ఎత్తు 6 అడుగుల పైమాటే, బరువు 90 కిలోల దాకా ఉంటుంది. అక్కడికెళ్తే నిలబడగలడా అన్న అనుమానం సహజమే. కానీ ఈ ఆట చరిత్ర తిరగేస్తే, పొట్టివాళ్లకు అడ్డుపడింది ఎత్తు ఒక్కటే కాదని తెలుస్తుంది. ఏ కాలంలో రెఫరీలు దేన్ని చూసీ చూడనట్టు వదిలేశారన్నది అంతకంటే పెద్ద విషయం.

5 అడుగుల 7 అంగుళాల ఆన్రీ రిచర్డ్ మాంట్రియల్ తరఫున ఆటగాడిగా 11 స్టాన్లీ కప్పులు (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్పు) గెలిచాడు. ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే. 5 అడుగుల 8 అంగుళాల మార్సెల్ డియోన్ 731 గోల్స్ కొట్టాడు. 5 అడుగుల 6 అంగుళాల థియో ఫ్లూరీని 1987 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) కాల్గరీ తీసుకునేసరికి అతనికి ముందు 165 మంది పేర్లు పిలిచేశారు. కింది స్థాయిలో ఆడే సాల్ట్ లేక్ మైనర్ జట్టులో 40 మ్యాచ్‌ల్లో 74 పాయింట్లు (కొట్టిన గోల్‌కూ, గోల్‌కు సాయపడ్డ పాస్‌కూ ఒక్కోటి) చేశాక, 1989 జనవరిలో పైనుంచి పిలుపొచ్చింది. అదే ఏడాది కప్పు గెలిచిన జట్టులో అతనూ ఉన్నాడు.

తొంభైల్లో గాలి మారింది. 1995లో న్యూజెర్సీ డెవిల్స్ మైదానం మధ్యలోనే దారులు మూసేసే ఆటతో కప్పు కొట్టడంతో మిగతా జట్లూ అదే బాట పట్టాయి. చురుకైన ఆటగాడు పక్‌తో (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దూసుకెళ్తుంటే, వెనకున్న డిఫెండర్ స్టిక్ కొనను అతని నడుముకు కొక్కెంలా తగిలించి, తన బరువంతా వేసి వేలాడేవాడు. 75 కిలోల మనిషి 100 కిలోల మనిషిని ఈడ్చుకుంటూ ఎంత దూరం పోగలడు? రూల్ ప్రకారం అది పెనాల్టీయే, అంటే తప్పు చేసినవాడు కాసేపు పెనాల్టీ బాక్స్‌లో కూర్చోవాలి, జట్టు ఒకడు తక్కువతో ఆడాలి; చాలాసార్లు విజిల్ మాత్రం మోగేది కాదు.

మార్టిన్ సెయింట్ లూయిస్ అడుగుపెట్టింది ఆ రోజుల్లోనే. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. వర్మాంట్ యూనివర్సిటీ జట్టు చరిత్రలోనే అత్యధిక పాయింట్లు చేసినా డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. క్లీవ్‌లాండ్‌లో, ఆ తర్వాత కాల్గరీ వాళ్ల మైనర్ జట్టు సెయింట్ జాన్‌లో దంచి కొట్టాడు. కాల్గరీకి మాత్రం 69 మ్యాచ్‌ల్లో 4 గోల్సే చేశాడు. 2000 వేసవిలో వాళ్లు వదిలేస్తే టాంపా బే తీసుకుంది. 2003-04లో 94 పాయింట్లతో లీగ్‌లో అందరికంటే పైన నిలిచి, ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా అందుకున్నాడు. ఫైనల్లో ఎదురైంది కాల్గరీయే. ఆరో మ్యాచ్ వాళ్ల ఊళ్లోనే, గెలిస్తే కప్పు వాళ్లదే. రెండో ఓవర్‌టైమ్ మొదలైన 33 సెకన్లకు గోల్ కొట్టి సిరీస్‌ను ఏడో మ్యాచ్‌కి లాగింది ఆ వదిలేసిన కుర్రాడే. కప్పు టాంపాకు వెళ్లింది.

మరుసటి సీజన్ లాకౌట్‌తో పూర్తిగా రద్దయింది. 2005లో ఆట తిరిగి మొదలైనప్పుడు స్టిక్‌తో లాగడం, పట్టుకోవడం, అడ్డు తగలడం కనిపిస్తే రెఫరీలు పెనాల్టీ ఇవ్వడం మొదలుపెట్టారు. పొడవాటి పాస్‌ల మీద ఉన్న నిషేధమూ పోయింది. మ్యాచ్‌కి 5 చిల్లరగా ఉన్న సగటు గోల్స్ 6 దాటాయి. వేగానికి విలువ పెరిగింది. డ్రాఫ్ట్‌లో 104వ వాడైన మరో పొట్టి ఆటగాడు జానీ గాడ్రో 2021-22లో 115 పాయింట్లు చేశాడు. 2024 ఆగస్టులో సైకిల్ మీద వెళ్తుండగా కారు గుద్ది, అతను, తమ్ముడు ఇద్దరూ చనిపోయారు. ఆ వార్త నేటికీ మింగుడుపడదు.

అయితే వీళ్లంతా స్టార్లు. స్టార్ అయితే పొట్టివాణ్ని పెట్టుకుంటారు, మామూలుగా ఆడేవాణ్ని ఎందుకు పెట్టుకుంటారు? నా దృష్టిలో అసలు అన్యాయం ఇక్కడే ఉంది. దాడి చేసే ఆటగాళ్లు ముగ్గురేసి వరుసలుగా మారిమారి ఆడతారు; స్టార్లు కానివాళ్లకు దక్కే మూడో వరుస, నాలుగో వరుస చోట్లు ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లకే అన్నది కోచ్‌ల అలవాటు.

ఆ అలవాటును గట్టిగా కదిలించినవాడు యానీ గోర్డ్. 5 అడుగుల 9 అంగుళాలు, డ్రాఫ్ట్ కాలేదు. క్యూబెక్ జూనియర్ లీగ్‌లో 124 పాయింట్లతో అగ్రస్థానంలో నిలిచినా, అమెరికన్ హాకీ లీగ్ కంటే ఇంకో మెట్టు కిందున్న ఈసీహెచ్‌ఎల్ అనే లీగ్‌లో కలమజూ లాంటి ఊళ్లలో ఆడాల్సి వచ్చింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి పూర్తి సీజన్ ఆడేసరికి పాతికేళ్లు దాటాయి. టాంపాలో అతని పని ప్రత్యర్థి మేటి ఆటగాళ్లను కట్టడి చేయడం, అంటే పెద్ద శరీరాలు కావాలని అందరూ అనుకునే పని. 2021 సెమీఫైనల్ ఏడో మ్యాచ్‌లో న్యూయార్క్ ఐలాండర్స్ మీద టాంపా 1-0తో గెలిచింది. తమవైపు ఒక మనిషి తక్కువున్నప్పుడు ఆ ఒక్క గోల్ కొట్టింది గోర్డే.

గోల్ కీపర్ల సంగతి వేరు. 5 అడుగుల 3 అంగుళాల రాయ్ వర్టర్స్ 1929లో లీగ్ ఉత్తమ ఆటగాడు. ఇవాళ 5 అడుగుల 11 అంగుళాల యూసే సారోస్‌నే చిన్నవాడంటున్నారు. వలను కప్పాల్సింది శరీరమే కాబట్టి అక్కడ ఎత్తు నిజంగానే లెక్కలోకి వస్తుంది.

అందుకే మైనర్ లీగ్‌లో ఇలాంటి కుర్రాణ్ని చూసేటప్పుడు పాయింట్ల పట్టిక ఒక్కటే చూస్తే చాలదంటాను. జట్టులో ఒకరు పెనాల్టీ బాక్స్‌లో ఉన్నప్పుడు, ఆధిక్యం ఒక్క గోలే ఉండి చివరి రెండు నిమిషాలు మిగిలినప్పుడు, కోచ్ అతన్ని మంచు మీదికి పంపుతున్నాడా లేదా అన్నది చూడాలి.