రెండు సీడీ ప్లేయర్లు, ఒక మల్టీమీటర్

లక్షల్లో ధర పలికే సీడీ ప్లేయర్‌ను మామూలు ప్లేయర్ పక్కన పెట్టి వింటే ఖరీదైనదే బాగుందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఒకే వేణువు కచేరీ సీడీ రెండు కాపీలు మా స్నేహితుడి దగ్గర ఉంటే, ఒక్కోదాంట్లో ఒక్కోటి పెట్టి విన్నాం. పెద్ద ప్లేయర్‌లో వాయించే మనిషి ఊపిరి కూడా వినబడుతోందని ఒట్టేసి మరీ చెప్పాను.

తర్వాత మల్టీమీటర్ తెచ్చాం. టెస్ట్ సీడీలోని 1000 హెర్ట్జ్ కూత పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టేజి చూశాం. మామూలు ప్లేయర్‌తో 2.00 వచ్చింది, పెద్దదానితో 2.30. అంటే 1.2 డెసిబెల్స్ తేడా. ఇంత చిన్న తేడాను చెవి ‘సౌండ్ పెరిగింది’ అని పట్టుకోదు. బేస్ నిండుగా ఉందనో, గొంతు స్పష్టంగా ఉందనో అనుకుంటుంది. షోరూమ్‌లో మనం మోసపోయేది సరిగ్గా ఇక్కడే, అదీ ఎవరూ మోసం చెయ్యకుండానే.

ఆంప్లిఫయర్‌లో ఒక్కో ఇన్‌పుట్ లెవెల్‌ను విడిగా సర్దుకునే వీలుంది కాబట్టి బతికిపోయాం. పోల్చాలంటే తేడా 0.1 డెసిబెల్‌కి తగ్గాలి, అంటే మీటర్‌లో 2.00 ఎదురుగా 2.02 దాటకూడదు. ఆ తర్వాత వెనక నుంచి ఒకరు ప్లేయర్లు మారుస్తుంటే, ఏది మోగుతోందో 16 సార్లు చెప్పాలి. బొమ్మా బొరుసూ వేసి చెప్పేవాడికి 12 గానీ అంతకు మించి గానీ సరిపోయే అవకాశం 4 శాతంలోపే. మాకు సరిపోయినవి సగం దగ్గరే ఆగిపోయాయి. ఊపిరి రెండింట్లోనూ వినిపించింది!

ఇందులో వింతేమీ లేదు. సీడీ మీద ఉన్నవి అంకెలు: సెకనుకు ఒక్కో చానెల్‌కి (కుడి, ఎడమ) 44,100, ఒక్కోటీ 16 బిట్లు. చిన్న గీతలు పడినా దిద్దుబాటు కోడ్ పోయిన అంకెల్ని తిరిగి లెక్కగట్టేస్తుంది. ట్రాక్ వెంబడి సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర చెడిపోయినా పూర్తిగా పూడ్చగలదు. కాబట్టి రెండు ప్లేయర్లూ చదివే అంకెలు ఒకటే. తేడా రావాలంటే వాటిని మళ్ళీ కరెంటు అలలుగా మార్చే చోటే రావాలి.

అక్కడ మొదట్లో కక్కుర్తి ఉండేది. 1982లో వచ్చిన సోనీ సీడీపీ-101లో రెండు చానెళ్లకీ కలిపి ఒకటే కన్వర్టర్. అది వంతులవారీగా పనిచేయడంతో ఒక చానెల్ సుమారు 11 మైక్రోసెకన్లు వెనకబడేది. వినడానికి ఘోరంగా ఉంది కానీ, ఒక స్పీకర్‌ని 4 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే వచ్చే తేడా కూడా అంతే. కుర్చీలో మనం అంతకన్నా ఎక్కువే కదులుతాం.

నిజంగా తేడాగా వినిపించేవీ లేకపోలేదు. అంకెల మధ్య ఖాళీల్ని పూరించే డిజిటల్ ఫిల్టర్ తీసేసి అమ్మే కొన్ని ఖరీదైన మోడళ్లలో 20,000 హెర్ట్జ్ దగ్గర ధ్వని 3 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. వాల్వులు (పాత రేడియోల్లోని గాజు గొట్టాలు) పెట్టినవైతే కాస్త వక్రీకరణ కలిపి ‘వెచ్చదనం’ అంటాయి. నచ్చితే నచ్చవచ్చు, కానీ అది ఆ పెట్టె కలిపిన మసాలా.

బోస్టన్‌లో మేయర్, మోరాన్ చేసిన పరీక్ష 2007లో అచ్చయింది. సీడీ కన్నా సూక్ష్మమైన ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) రికార్డింగుల్ని నేరుగా ఒకసారి, సీడీ స్థాయి 16 బిట్లకు దించి ఒకసారి వినిపించారు. ఏది ఏదో చెప్పమంటే 554 ప్రయత్నాల్లో 276 సరైనవి, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే.

మా వాడు పెద్ద ప్లేయర్ అమ్మలేదు. దాని ట్రే వెన్నలా జారి వస్తుందట. రెండోది ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ట్రే ఒక్కోసారి ఇరుక్కుంటుంది, వేలితో తట్టాలి.